మోకాళ్ళ నొప్పికి బిళ్ళ ఒక్కటే దారి కాదు

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుండి మోకాళ్ళ నొప్పితో వచ్చేవారిని ముందుగా అడగవలసింది, మందుల షాపులో ఏ బిళ్ళలు కొని వేసుకుంటున్నారని. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కాని డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి, ఎండలో పనిచేసి నీరు తగ్గిన ఒంటికి ఇవి మరీ ప్రమాదం. డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

కీళ్ళ అరుగుదలకు పూర్వం విశ్రాంతి తీసుకోమనేవారు. ఇప్పుడు వ్యాయామమే మొదటి వైద్యం. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాచి, తొడ బిగించి, 5 సెకన్లు ఉంచి దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు, ఉదయం, సాయంత్రం. తొడ కండ బలపడితే మోకాలికి ఊతం దొరుకుతుంది. చాలామంది నాలుగు రోజులు చేసి మానేస్తారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. లావుగా ఉన్నవారు ఒక కిలో బరువు తగ్గితే, ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. ప్రార్థనలో మోకరించలేనివారు కుర్చీలో కూర్చోండి, ఎవరూ తప్పుపట్టరు.

రెండు చేతుల వేళ్ళ కీళ్ళు వాచి, ఉదయం గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చు. దానికి మందులు వేరు. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి, వెంటనే డాక్టరుకు చూపించండి.