లిక్విడ్ కూలర్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు వేడెక్కుతుంది?

మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరితే లిక్విడ్ కూలర్ ఉన్న కంప్యూటర్ కూడా వేడిగానే నడుస్తుంది. అంతమాత్రాన కూలర్ పాడైందనుకోకూడదు. ఇంటి కిటికీకి పెట్టే ఎయిర్ కూలర్‌లో నీరు ఆవిరవుతుంది కాబట్టి గాలి చల్లబడుతుంది. కంప్యూటర్‌లో పంపు తోసే నీరు మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ప్రాసెసర్ వేడిని రేడియేటర్ దాకా మోస్తుంది. ఫ్యాన్లు ఆ వేడిని బయటికి తోస్తాయి. ప్రాసెసర్‌ను గది గాలికన్నా చల్లగా చేయడం ఈ కూలర్‌కు సాధ్యం కాదు. అందుకే ప్రాసెసర్ వేడి ఎంతని కాక, గదికన్నా ఎంత ఎక్కువని చూడాలి. 35 డిగ్రీల గదిలో 75 అయినా, 25 డిగ్రీల గదిలో 65 అయినా పనితనం దాదాపు ఒకటే. ఒకే పనికి ఆ తేడా నెలనెలా పెరుగుతుంటేనే అనుమానించాలి.

ముందు అనుమానించాల్సింది దుమ్మును. వరి కోతలప్పుడు లేచే సన్నని పొట్టు, ధూళి రేడియేటర్ రేకుల సందుల్లో పేరుకుంటే గాలి ఆడదు. ప్లగ్ తీసి, ఫ్యాన్ తిరగకుండా పట్టుకుని, బ్లోయర్‌తో ఊదాలి. మరి లోపలి నీళ్లు తగ్గవా? తగ్గుతాయి. ఏళ్ల తరబడి గొట్టాల గోడల గుండా కొద్దికొద్దిగా ఆవిరి పోయి, లోపల గాలి చేరుతుంది. గాలి పైకే పోతుంది కనుక రేడియేటర్ పైభాగం కన్నా పంపు కిందుండాలి. గలగల శబ్దం ఆగకపోయినా, పంపు వేగం సున్నా చూపినా పెద్దలకు చెప్పండి. మామూలు ప్రాసెసర్‌కైతే మంచి ఫ్యాన్ కూలర్ చాలు. అందులో పాడవడానికి పంపే ఉండదు.