అటక మీద పెళ్లి క్యాసెట్టు... దించి చూశారా?

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడితే ఒక దారి కడపకు, ఒకటి కర్నూలుకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఇంకొకటి బద్వేలుకు పోతుంది. తొంభైల్లో ఈ దారులకు కనిపించని మరో కొస ఉండేది... కువైట్! బతుకుతెరువు కోసం కడప జిల్లా నుంచి అక్కడికి వెళ్లినవాళ్లెందరో. సెలవు దొరక్క సొంత కూతురి పెళ్లికే రాలేకపోయిన తండ్రులూ ఉన్నారు. వాళ్ల కోసం పెళ్లి మొత్తం ఓ నల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకి చేరేది. అటు వెళ్లే ఊరివాళ్ల పెట్టెలో, ఊరగాయల పక్కన సర్దుకుని విమానం ఎక్కేది. అదే వీహెచ్ఎస్ క్యాసెట్టు.

మా అక్క పెళ్లి 1994లో జరిగింది. నాయన కువైట్‌లో ఉన్నాడు. తలంబ్రాలయ్యాక అవ్వ కెమెరా ముందుకొచ్చింది. లైటు వెలుగుకు కళ్లు చిట్లిస్తూ కొడుకుతో రెండు నిమిషాలు మాట్లాడింది. "పెండ్లి బాగా జరిగింది నాయనా, నువ్వు దిగులు పడొద్దు, యాళకు అన్నం తిను" అని. ఇప్పుడు అవ్వ లేదు. ఆమె గొంతు మిగిలింది ఆ రెండు నిమిషాల్లోనే.

2006లో ఆ పెళ్లిని డీవీడీ చేయించాం. డిస్కు బీరువాలో పెట్టి, 'ఇక ఇదెందుకులే' అని క్యాసెట్టు పారేశాం. అవ్వ పోయాక డిస్కు వేస్తే కాసేపు ఆడి ఆగిపోయింది. ఆడినంతమేరా మాటల్లేవు, అన్నీ సినిమా పాటలే! అవ్వ మాటలున్నది మిక్సింగ్ చేయకముందు నాయనకు పంపిన క్యాసెట్లో. తిరిగొచ్చేటప్పుడు నాయన దాన్ని వెంట తెచ్చుకున్నాడు కాబట్టి సరిపోయింది. అటక మీద దొరికింది... బూజు పట్టి.

దాన్ని బతికించుకునే పనిలో తెలిసిన సంగతులివి. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే పనికొస్తాయి.

ఎందుకింత తొందర?

జపాన్‌కు చెందిన జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్‌ను తెచ్చింది. నలభై ఏళ్ల తర్వాత, 2016 జులైలో, వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ ఫునాయ్ కూడా చేతులెత్తేసింది. అంటే ఇప్పుడు ఎక్కడ వీసీఆర్ కనిపించినా అది పాతదే. విడిభాగాలు కావాలంటే మరో పాత వీసీఆర్‌ను విప్పాల్సిందే.

మరోవైపు టేపు కూడా ముసలిదవుతోంది. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని అంటించి చేసేదే టేపు. ఆ అంటుకు వేడి, తేమ పడవు. మే నెలలో మిద్దె కింద అటక ఎంత కాగుతుందో మనకు చెప్పాలా! 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ ఓ హెచ్చరిక చేసింది. టేపుల మీదున్న వాటిని 2025లోగా డిజిటల్‌లోకి మార్చుకోకపోతే చాలావరకు దక్కవన్నది దాని సారాంశం. ఆ గడువు కూడా దాటిపోయింది. అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. చాలా క్యాసెట్లు ఇంకా ఆడుతున్నాయి. ఆడించే డెక్కులే కరవవుతున్నాయి.

ముందు ఏ క్యాసెట్టు?

తొంభైల్లో పెళ్లి వీడియో రెండు దశల్లో తయారయ్యేది. ముందు కెమెరాతో తీసిన అసలు క్యాసెట్లు. తర్వాత మిక్సింగ్. పూలు రాలడం, గుండె బొమ్మలో వధూవరులు, వెనక సినిమా పాటలు... ఇవన్నీ అక్కడ చేర్చినవే. మిక్సింగ్‌లో చాలాసార్లు అసలు మాటలు పోయేవి. పైగా అది నకలు కాబట్టి బొమ్మ కూడా కాస్త మసకబారేది.

కాబట్టి పైన బంగారు రంగు అక్షరాలున్న డబ్బాతో ఆగకండి. పేరు కూడా రాయని క్యాసెట్టు ఏమైనా ఉందా చూడండి. పురోహితుడి మంత్రాలు, మేళం, అత్తల ఎకసెక్కాలు, పిల్లల ఏడుపులు ఉండేది అందులోనే. ముందు దాన్నే మార్పించండి.

బూజు ఉంటే డెక్కులో పెట్టొద్దు

క్యాసెట్టు కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. అలాగే ఆడిస్తే డెక్కు హెడ్లు పూడుకుపోతాయి, టేపు తెగే ప్రమాదమూ ఉంది. తర్వాత పెట్టే క్యాసెట్లకూ ఆ బూజు అంటుకుంటుంది. మామూలు వీహెచ్ఎస్‌లో మాటలు టేపు అంచున సన్నటి గీతలో రికార్డవుతాయి. అంటే అంచు దెబ్బతింటే ముందు పోయేది గొంతే! శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి. మాదీ అలాగే దక్కింది.

బూజు లేకపోతే, ముందొకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టండి. ఏళ్లతరబడి అంటుకుపోయిన పొరలు విడతాయి. తొలిసారి ఆడించేటప్పుడే రికార్డు చేయడం మంచిది. రెండోసారి ఆడుతుందన్న భరోసా లేదు.

రికార్డరా, కంప్యూటరా?

2000 తర్వాత పానసోనిక్, ఎల్‌జీ, శామ్‌సంగ్, సోనీ లాంటి కంపెనీలు డీవీడీ రికార్డర్లు తెచ్చాయి. ఒకవైపు క్యాసెట్టు, మరోవైపు డిస్కు పెట్టి మీట నొక్కితే పని అయిపోయే 'కాంబో'లూ వచ్చాయి. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. ఎవరింట్లోనైనా మూలన పడి ఉండొచ్చు. లేదంటే చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల వాకబు చేయాలి.

కొనేముందు చూడాల్సింది ధర కాదు. ఈ నాలుగు సంగతులు...

ఒకటి, డిస్కు రాసే లేజర్ పనిచేస్తోందా? పాత యంత్రాల్లో ముందు చెడేది ఇదే. ముఖ్యం కాని క్యాసెట్టు ఒకటి, ఖాళీ డిస్కు ఒకటి తీసుకెళ్లి పది నిమిషాలు రికార్డు చేయించండి. ఆ డిస్కును వేరే ప్లేయర్‌లో ఆడించి చూడండి.

రెండు, లోపల హార్డ్ డిస్క్ ఉందా? ఉంటే ముందు అందులోకి ఎక్కించి, అనవసరమైనవి తీసేసి, తర్వాత డిస్కుకు రాసుకోవచ్చు.

మూడు, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులతో పాటు ఎస్-వీడియో, డీవీ ఇన్‌పుట్లు ఉన్నాయా? మినీ డీవీ హ్యాండీక్యామ్ టేపులున్నవాళ్లకు డీవీ తప్పనిసరి.

నాలుగు, పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ తీసుకుంటుందా? మనదీ కువైట్‌దీ పాల్ పద్ధతే. అమెరికా బంధువులు పంపిన క్యాసెట్టు మాత్రం ఎన్‌టీఎస్‌సీ. పాల్ మాత్రమే తెలిసిన డెక్కులో పెడితే అది సరిగా ఆడదు.

మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. ఎస్‌పీ మోడ్‌లో రెండు గంటలు వస్తుంది. ఎల్‌పీలో నాలుగు గంటలు పడుతుంది కానీ బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. కాబట్టి మూడు గంటల క్యాసెట్టుకు రెండు డిస్కులు కేటాయించండి. రికార్డింగ్ అయ్యాక 'ఫైనలైజ్' చేయడం మరవొద్దు. అది చేయని డిస్కు చాలావరకు ఆ యంత్రంలో తప్ప ఇంకెక్కడా ఆడదు.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే మరో దారి ఉంది. డెక్కు నుంచి వచ్చే వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపితే వీడియో నేరుగా ఫైలుగా మారుతుంది. డీవీడీ నాణ్యతలో మూడు గంటల క్యాసెట్టుకు సుమారు ఏడు జీబీ చాలు. కాపీలు తీయడం తేలిక. పెద్దవాళ్లకు టీవీలో చూపించడానికి డిస్కు, దాచుకోవడానికి ఫైలు... రెండూ ఉంటే మంచిదే. దాచుకోవడానికి ఒక్క డిస్కునే నమ్ముకోవడం మాత్రం తప్పు.

షాపులో ఇస్తే...

మూడు గంటల క్యాసెట్టు మార్చాలంటే మూడు గంటలూ ఆడించాల్సిందే. 'పది నిమిషాల్లో ఇచ్చేస్తాం' అంటే అనుమానించండి. ఫైలు కూడా ఇవ్వమని అడగండి. పాటలు కలపొద్దని, ఏదీ కత్తిరించొద్దని ముందే చెప్పండి. తీసుకునేటప్పుడు మొదలు, నడుమ, చివర చూసి, మాటలు వినిపిస్తున్నాయో లేదో గమనించండి. క్యాసెట్టు తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి.

డిస్కు కూడా శాశ్వతం కాదు

ప్రపంచంలోనే పెద్ద డిస్కుల తయారీదారుల్లో ఒకటైన మన మోజర్ బేర్ 2018లో దివాలా తీసింది. రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అరే ఉండటం లేదు. రాసుకునే డీవీడీలో రంగు పొర ఎండకు, వేడికి పాడవుతుంది. ఇప్పటికే డిస్కులున్నవాళ్లు వాటిని వెంటనే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవడం మేలు.

ఫైలు ఒక్కచోటే ఉంచొద్దు. ఇంట్లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న ఆడబిడ్డ దగ్గర ఒకటి, వీలైతే ఆన్‌లైన్‌లో ఒకటి. వాట్సాప్‌లో పంపితే మాత్రం నాణ్యత తగ్గిపోతుంది. దాన్నే అసలు అనుకోకండి. ఏడాదికోసారి, ఉగాదికో సంక్రాంతికో, అందరూ కూడినప్పుడు ఆడించండి. పాడైతే అప్పుడే తెలుస్తుంది. పిల్లలకు ముత్తవ్వ ఎవరో కూడా తెలుస్తుంది.

మా క్యాసెట్లో బొమ్మ అక్కడక్కడా గీతలు పడింది. గొంతు మాత్రం శుభ్రంగా వచ్చింది. నాయన దాన్ని ఫోన్‌లో పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఎప్పుడైనా అన్నం తినడం ఆలస్యమైతే మేం పిలవనక్కర్లేదు... అవ్వ మాట వినిపిస్తే చాలు!

ఈ ఆదివారం మీరూ అటక మీదికి ఓసారి తొంగిచూడండి.