బ్రేకులలోని గాలి

సికింద్రాబాదులో చిలకలగూడకు చేరువనున్న పద్మారావు నగర్ జనము క్రిక్కిరిసిన పేట. స్కందగిరి దేవాలయమునకు పండుగనాడు వచ్చు భక్తులతో వీథులు నిండిపోవును. అట్టిచోట కారు నడుపువాని ప్రాణమే కాదు, ఎదుట నడచువారి ప్రాణములు కూడ అతని పాదము క్రింది బ్రేకు పెడలుపై ఆధారపడియుండును. ఆ పెడలు గట్టిగా నిలువక మెత్తగా దిగిపోయినచో, బ్రేకు గొట్టములలో గాలి చేరియుండవచ్చును.

గాలి చేరిన నేమి ముప్పు? మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ ఒత్తిడి తగ్గక అన్ని వైపులకు వ్యాపించునని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ వివరించెను. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రములకును ఈ సూత్రముపై పనిచేయు బ్రేకులు అమరినవి. పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టముల వెంట చక్రములను ఒత్తి ఆపును. ద్రవము నలిగి చిన్నది కాదు, గాలి యగును. అందుచేత గొట్టములో బుడగ యున్నచో పాదబలము ఆ బుడగను నలుపుటకే వ్యయమగును.

ఈ గాలిని వెడలించుటకు ఒక వరుస కలదు. మన దేశపు కార్లలో స్టీరింగు కుడివైపున నుండుటచే మాస్టరు సిలిండరు కూడ సాధారణముగా ఆ వైపుననే యుండును. కావున దానికి మిక్కిలి దూరమైన ఎడమ వెనుక చక్రము మొదటిది. పిదప కుడి వెనుకది, ఎడమ ముందుది, తుదకు కుడి ముందుది. పొడవైన గొట్టమును ముందుగా శుభ్రపరచినచో, అందలి గాలి శుభ్రపడిన శాఖలలోనికి మరలిపోదు. అయితే ఐమూలగా రెండు చక్రములకొక మార్గముగల కార్లలో వరుస వేరుగా నుండవచ్చును. ఏ.బీ.ఎస్. గల కొన్ని కార్లకు వర్క్‌షాపు పరికరము కావలెను. కారుతో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము.

ఈ పనికి ఇద్దరుండవలెను. చదునైన నేలపై కారును నిలిపి, కదలకుండ చక్రములకు దిమ్మెలు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు అవసరము. తండ్రి చక్రము కడ నిప్పలునకు పారదర్శకమైన గొట్టము తగిలించి, దాని రెండవ కొనను బ్రేకు ఆయిలుగల సీసాలో ముంచును. కుమార్తె పెడలును మెల్లగా కొన్నిమార్లు త్రొక్కి, అదిమిపట్టి, “పట్టుకొంటిని నాన్నా!” అనును. అతడు పానాతో నిప్పలును కొంచెము వదులుచేయగా, బుడగలతో ద్రవము వెలువడి పెడలు క్రిందికి దిగును. నిప్పలు బిగించిన తరువాతనే “ఇక వదలుమమ్మా!” అనవలెను. ఆమె ముందే పాదమెత్తెనా, గాలి తిరిగి లోపలికి పీల్చబడును! బుడగలు ఆగువరకు ఇట్లే చేయవలెను.

ఈలోగా మాస్టరు సిలిండరుపైనున్న డబ్బాలో ద్రవము తరుగుచుండును. అది వట్టిపోయినచో పడిన శ్రమ వ్యర్థము. మరల మొదటి చక్రమునుండియే ఆరంభింపవలెను. పేరునకు ఆయిలే గాని, ఇందు ఇంజను ఆయిలు పోసినచో లోపలి రబ్బరు ఉబ్బి చెడిపోవును. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చును గనుక, సీసాలోనికి కారినదానిని మరల వాడరాదు. రంగుపై పడినచో వెంటనే నీటితో కడుగవలెను.

నాలుగు చక్రములును ముగిసిన పిదప ఇంజను నడిపించి పెడలును గట్టిగా అదిమి చూడవలెను. అది నిలిచినచో ఇంటి ఆవరణలోనే మెల్లగా నడిపి ఆపి పరీక్షింపవలెను. ఇంకను మెత్తగా దిగుచున్నచో కారు గేటు దాటరాదు. మెకానిక్కునే ఇంటికి పిలిపింపవలెను.