దిశ మారే మోటారు: రిలేలు, స్విచ్‌ల అమరికలో భద్రతా తర్కం

కాలువ తూము తలుపు పైకి లేవాలి, మళ్ళీ కిందికి దిగాలి. దుకాణపు రోలింగ్ షట్టరు, కర్మాగారంలోని క్రేను, ఆసుపత్రి లిఫ్టు చేసే పనీ ఇదే. వీటన్నిటిలో ఒకే మోటారు రెండు దిశల్లో తిరుగుతుంది. విద్యుత్ శాస్త్రరీత్యా దిశను మార్చటం సులభమే. శాశ్వత అయస్కాంతం గల డీసీ మోటారుకు ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే చాలు. త్రీఫేజు ఇండక్షన్ మోటారుకైతే మూడు తీగల్లో ఏ రెండింటి స్థానాలను మార్చినా దిశ మారుతుంది. క్లిష్టత మరొకచోట ఉంది. రెండు ఆదేశాలు ఒకేసారి అందినప్పుడు, తలుపు చివరి అంచుకు చేరినప్పుడు, రిలేలో ఒక భాగం చెడినప్పుడు వలయం ఎలా ప్రవర్తిస్తుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తీగల అమరికలోనే ఉండాలి గాని బటన్ నొక్కే మనిషి అప్రమత్తతకు వదిలివేయదగినది కాదు.

మొదట 12 వోల్టుల చిన్న డీసీ మోటారును పరిశీలించవచ్చు. దాని దిశను నాలుగు విడివిడి స్విచ్‌లతో మార్చే పద్ధతి ఒకటి ఉంది. నాలుగు స్విచ్‌లకు మొత్తం 16 స్థితులు సాధ్యం. వాటిలో 7 స్థితులు సరఫరాను నేరుగా షార్ట్ సర్క్యూట్ చేస్తాయి. రెండు చేంజోవర్ రిలేలతో కట్టిన వలయంలో ఈ ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. ప్రతి రిలేలోనూ ఉమ్మడి కొసను మోటారు ఒక్కొక్క టెర్మినల్‌కు కలుపుతారు. మామూలుగా మూసి ఉండే కొసను రుణ ధ్రువానికి, మామూలుగా తెరచి ఉండే కొసను ధన ధ్రువానికి కలుపుతారు. మొదటి రిలే మాత్రమే పనిచేస్తే మోటారు ఒక దిశలోను, రెండవది మాత్రమే పనిచేస్తే ఎదురు దిశలోను తిరుగుతుంది. రెండూ విశ్రాంతిలో ఉంటే రెండు టెర్మినళ్ళూ రుణ ధ్రువానికే చేరుతాయి. తిరుగుతున్న మోటారు అప్పుడు జనరేటరుగా మారి, తన ప్రవాహంతో తానే బ్రేకు వేసుకుంటుంది. రెండు బటన్లూ ఒకేసారి నొక్కినా మోటారు ఆగుతుందే తప్ప ఫ్యూజు కాలదు. తప్పు ఆదేశానికి హానిలేని అర్థం కల్పించటమే ఈ అమరికలోని సొగసు.

అయితే ఈ వలయానికీ ఒక హద్దు ఉంది. ఆర్మేచర్ నిరోధం 0.5 ఓమ్ అనుకుంటే, నిశ్చలంగా ఉన్న మోటారు ఆరంభంలో 24 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే మోటారు 3 ఆంపియర్లతో నడుస్తున్నప్పుడు దానిలో 10.5 వోల్టుల వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం ఉంటుంది. ఆ వేగంలోనే దిశను హఠాత్తుగా మార్చితే ఆ బలం సరఫరాకు తోడై ప్రవాహం 45 ఆంపియర్లకు ఎగబాకుతుంది. 10 ఆంపియర్ల రిలే కాంటాక్టులు ఇలాంటి దెబ్బలకు క్రమంగా కరిగి అతుక్కుపోతాయి. అందువల్ల రెండు దిశల నడుమ కొద్దిపాటి విరామం తప్పనిసరి. ఫ్యూజు ఎలాగూ ఉండాలి.

చివరి అంచున మోటారును ఆపే లిమిట్ స్విచ్‌ను ఎక్కడ పెట్టాలన్నది తరువాతి సమస్య. మోటారు తీగలోనే శ్రేణిలో పెడితే, స్విచ్ తెరచుకోగానే మోటారు ఆగుతుంది గాని వెనక్కి కూడా రాలేదు. స్విచ్‌కు సమాంతరంగా ఒక డయోడును సరైన దిశలో కలిపితే ఎదురు ప్రవాహానికి మాత్రం దారి దొరుకుతుంది. ఆ డయోడు మోటారు ఆరంభ ప్రవాహాన్ని తట్టుకోగలగాలి. చాలామంది విద్యార్థుల ప్రాజెక్టులు ఇక్కడే పొగలు కక్కుతాయి. రెండవ మార్గంలో పైలిమిట్‌ను పైకి తిప్పే రిలే కాయిల్‌కు, కింది లిమిట్‌ను కిందికి తిప్పే కాయిల్‌కు శ్రేణిలో పెడతారు. స్విచ్ మీద పడే ప్రవాహం స్వల్పం, డయోడు అవసరమే లేదు. కాని రిలే కాంటాక్టు అతుక్కుపోతే కాయిల్ సరఫరాను ఎంత తెంచినా మోటారు ఆగదు. బరువులెత్తే యంత్రాల్లో అందుకే ఈ రెండు లిమిట్‌లకు ఆవల మరొక అంతిమ లిమిట్ స్విచ్‌ను అమర్చి, దానితో ప్రధాన సరఫరానే తెంచుతారు.

తూము తలుపుల వంటి పెద్ద పనులకు 415 వోల్టుల త్రీఫేజు మోటార్లు వాడతారు. వీటిలో రిలేల స్థానాన్ని రెండు కాంటాక్టర్లు ఆక్రమిస్తాయి. రెండవ కాంటాక్టర్ రెండు ఫేజులను తారుమారు చేసి అందిస్తుంది కనుక, రెండూ ఒకేసారి మూసుకుంటే ఆ రెండు ఫేజుల మధ్య షార్ట్ సర్క్యూట్ తథ్యం. దీన్ని నివారించేందుకు ఒక్కొక్క కాంటాక్టర్‌లోని మూసి ఉండే సహాయక కాంటాక్టును రెండవదాని కాయిల్‌కు శ్రేణిలో కలుపుతారు. ప్రధాన కాంటాక్టు అతుక్కుపోయినప్పుడు ఈ సహాయక కాంటాక్టు మూసుకోకుండా నిర్మించిన కాంటాక్టర్లనే ఎంచుకోవాలి. ఎవరైనా చేత్తో నొక్కినా, అదురు వల్ల మూసుకోబోయినా అడ్డుకోవటానికి రెండింటి నడుమ యాంత్రిక ఇంటర్‌లాక్ కూడా ఉంటుంది. ఒకటి ఉండగా రెండవది ఎందుకన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. విద్యుత్ ఇంటర్‌లాక్ తప్పుడు ఆదేశాన్ని ఆపుతుంది, యాంత్రిక ఇంటర్‌లాక్ ఆదేశం లేకుండా జరిగే కదలికను ఆపుతుంది. ఒకటి చేసే పనిని మరొకటి చేయలేదు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఒక లోపం మిగులుతుంది. బోరుబావి రైతులకు అది చిరపరిచితం. ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు తరువాత ఫేజులు తారుమారైతే పంపు ఎదురు తిరిగి నీరు సరిగా రాదు. స్టార్టర్‌లో రెండు తీగలు మార్చగానే మళ్ళీ సక్రమంగా నడుస్తుంది. పంపుకు అది ఒకపూట చికాకు మాత్రమే. తూము తలుపు విషయంలో అదే మార్పు లిమిట్ స్విచ్‌లను నిరర్థకం చేస్తుంది. పైకి బటన్ నొక్కితే తలుపు కిందికి దిగుతుంది. అడుగున ఉన్న లిమిట్ స్విచ్ తెరచుకుంటుంది గాని, అది తెంచేది కిందికి తిప్పే కాయిల్‌ను. పనిచేస్తున్నది పైకి తిప్పే కాయిల్. మోటారు తలుపును గడపకేసి అదిమి, స్క్రూ కడ్డీని వంచుతుంది. ఓవర్‌లోడ్ రిలే కదలటానికి పట్టే కొన్ని సెకన్లు ఆ నష్టానికి చాలు. లిమిట్ స్విచ్‌కు స్థానం తెలుసు, దిశ తెలియదు.

ఫేజుల వరుసను గమనించే రిలేను కంట్రోలు సరఫరాకు శ్రేణిలో అమర్చితే, వరుస తప్పినప్పుడు ఏ కాంటాక్టరూ మూసుకోదు. అయితే ఆ రిలేకు తరువాత, మోటారు వైపు తీగలను తారుమారుగా బిగిస్తే దానికీ తెలియదు. కనుక మోటారును విప్పి బిగించిన ప్రతిసారీ తలుపును చేతి చక్రంతో సగం ఎత్తులో నిలిపి, బటన్‌ను క్షణంపాటు మాత్రమే నొక్కి, కదలిక ఏ వైపు ఉందో కంటితో చూసిన తరువాతే యంత్రాన్ని లిమిట్ స్విచ్‌లకు అప్పగించాలి.