ఘటము ధరించిన మొసలి

మొసలి యనగానే గజేంద్రుని కాలు పట్టి మడుగులోనికి లాగిన మకరి తెలుగువారి తలపునకు వచ్చును. కాని మనుష్యుని వేటాడని మొసలి యొకటి కలదు. అదియే ఉత్తర హిందూస్థానపు నదులలో నివసించు ఘరియాల్. దాని ముట్టె సన్నగా, పొడవుగా పటకారువలె నుండును. అందలి నూటికి మించిన వాడిపండ్లు జారిపోవు చేపను ఒడిసిపట్టుటకే యేర్పడినవి. ఎదిగిన మగదాని ముట్టె కొనపై చిన్నకుండవంటి బొడిపె యుండును. హిందీలో ‘ఘడా’ యనగా కుండ. ఆ బొడిపెనుబట్టియే దీనికీ పేరు కలిగినది.

ఒకప్పుడిది సింధు, గంగా, బ్రహ్మపుత్ర, మహానదులలోను, బర్మాదేశపు ఐరావతిలోను విరివిగా నుండెడిది. చర్మముకొరకై సాగిన వేటవలనను, ఆనకట్టలవలనను క్షీణించి, 1970 దశాబ్ది నడుమకు రెండు వందలకు లోపుగా మిగిలినట్లు అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీని వేటను నిషేధించినది. 1975లో భారతప్రభుత్వము ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో మొసళ్ళ సంరక్షణపథకము నారంభించినది. ఒడ్డున గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సుమారు నాలుగడుగుల వరకు పెంచి నదులలో విడిచిరి. ఈ విద్యలో శిక్షణ నిచ్చుటకు 1980లో హైదరాబాదున కేంద్రసంస్థ యొకటి వెలసినది.

వేలకొలది పిల్లలను విడిచినను, 1997లో 436గా లెక్కించిన పెద్ద ఘరియాళ్ళు 2006 నాటికి 182కు తగ్గినవి. 2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతులలో చేర్చినది. ఏల యిట్లయినది?

సమాధానము నది యొడ్డుననే కలదు. ఘరియాల్ కాళ్ళు బలహీనములు. నేలపై దూరము నడువజాలదు. కావున లోతైన ప్రవాహము, దానిని ఆనుకొని యెత్తైన యిసుకతిన్నె, రెండును దానికి కావలెను. మార్చి, ఏప్రిలు మాసములలో ఆడుది తిన్నెలో గొయ్యి త్రవ్వి ముప్పది నలుబది గ్రుడ్లు పెట్టును. వానలకు ముందు పిల్లలు వెలువడును. వందలకొలది పిల్లలకు మగది కావలి కాయుటయు కలదు. అయినను వరదలలో పెక్కు కొట్టుకొనిపోవును. ఇసుక తరలిపోయినచో గ్రుడ్లకు తావుండదు. నీరు తోడివేసినచో మడుగులెండును. వలలో చిక్కినది ఊపిరికై పైకి రాలేక నీటిలోనే మరణించును. 2007-08 శీతకాలమున చంబల్ నదిలో నూరింటికి పైగా చనిపోయినవి. వాటి మూత్రపిండములు చెడియున్నట్లు పరీక్షలలో తేలినది. కలుషితమైన యమునవైపు అనుమానము మరలినది.

నేడు ఘరియాళ్ళు అత్యధికముగా నున్నది మూడు రాష్ట్రముల నానుకొని ప్రవహించు చంబల్ అభయారణ్యముననే. ఒడిశాలో మహానదిపై సత్‌కోసియా కనుమలోను ఆశాకిరణము కనబడినది. దశాబ్దముల తరువాత 2021లో అచట సహజముగా పిల్లలు పుట్టినవి.

విద్యార్థులు గ్రహింపదగిన దేమనగా, పిల్లను పెంచి నదిలో విడుచుట కొన్నియేండ్ల శ్రమ. ఆ నదిలో పారునీటిని, ఒడ్డున ఇసుకను నిలుపుట తరతరముల బాధ్యత. రెండవది లేనిచో మొదటిది వ్యర్థము.