బండి నంబరు, దారి మీది కెమెరా

వేగాన్ని పట్టే కెమెరా మీద మోటారు సైకిల్ నడిపేవారికి ఉన్న అభిప్రాయం ఏమిటో బండి వెనక నంబరు ప్లేటును చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కృష్ణా జిల్లా పామర్రు లాంటి కూడలిలో దీన్ని గమనించడం తేలిక. విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. గుడివాడ, కైకలూరు, భీమవరం వైపు సాగే 165వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే మొదలవుతుంది. కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి వెళ్లే దారి కూడా ఇక్కడే చీలుతుంది. తెల్లవారుజామున పాల క్యాన్లు, ఆ తర్వాత కాలేజీ కుర్రాళ్లు, మధ్యాహ్నం మేత మోపులు, సాయంత్రం పనుల నుంచి తిరిగొచ్చేవాళ్లు అందరూ తిరిగేది ఈ దారుల మీద, ఎక్కువగా రెండు చక్రాల మీదే.

నంబరు కనబడని బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నల్లరేగడి చేల గట్ల మీద తిరిగిన బండికి వానాకాలంలో ప్లేటు మీద బురద అట్టకడుతుంది. క్యాన్లు, బస్తాలు, గడ్డిమోపులు వెనక అంకెల మీదికి దిగుతాయి. మడ్‌గార్డు విరిగినప్పుడు ప్లేటు ఒక బోల్టు మీద వేలాడుతూ ఉంటుంది. ఇవి బతుకుతెరువులో వచ్చే లోపాలు, ఒక తడిగుడ్డతోనో మెకానిక్ దగ్గర పది నిమిషాలతోనో పోయేవి. ప్లేటును పైకి మడిచి ఆకాశం వైపు చూసేలా చేయడం, చివరి అంకె మీద స్టిక్కరు వేయడం, కెమెరా ఉన్న కూడలి రాగానే వెనక కూర్చున్నవాళ్లు చేతిని అడ్డం పెట్టడం, ప్లేటుకు మాస్కు తగిలించడం మాత్రం వేరు. అవి తెలిసి చేసేవి. ఈ రెండింటికీ నడుమ అలంకారం కోసం చేసేవి కొన్ని ఉన్నాయి. 8055 అంకెలను ఇంగ్లిషు అక్షరాల్లా మలిచి ‘బాస్’ అని చదివించేవారు, వంకర అక్షరాలతో ఇంటిపేరో అభిమాన నటుడి పేరో పెద్దదిగా, నంబరు చిన్నదిగా రాయించేవారు ఈ కోవకు చెందుతారు. వాళ్లకు దాచే ఉద్దేశం ఉండకపోవచ్చు, ఫలితం మాత్రం ఒక్కటే.

ప్లేటు ఎలా ఉండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. అక్షరాలు ఇంగ్లిషులో ఉండాలి, అంకెలు 1, 2, 3 రూపంలోనే ఉండాలి. పెట్రోలుతో నడిచే సొంత బండికి తెల్ల పలక మీద నల్ల రాత. మోటారు సైకిల్ వెనక అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లు, ముందు వైపు 30 మిల్లీమీటర్లు. 2001లో హై సెక్యూరిటీ ప్లేటును నియమాల్లో చేర్చారు, 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి కొత్త బండికీ దాన్ని తప్పనిసరి చేశారు. ఇది అల్యూమినియం రేకు. ఎడమ వైపు అశోకచక్రం ఉన్న హోలోగ్రామ్, దాని కింద లేజర్‌తో చెక్కిన పది అంకెల గుర్తు, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాక్ ఉంటాయి. జనం రేడియం అని పిలిచే, కాంతిని వచ్చిన వైపే తిప్పి పంపే పొర దాని మీద ఉంటుంది. రాత్రిపూట కెమెరా విసిరే పరారుణ కాంతిలో అంకెలు స్పష్టంగా కనబడేది ఈ పొర వల్లే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వచ్చిన మరో మార్పు వల్ల ప్లేటు మీది ప్రతి అంకెకూ విలువ పెరిగింది. అంతకు ముందు కృష్ణా జిల్లా బండికి ఏపీ 16, గుంటూరు బండికి ఏపీ 07, పశ్చిమ గోదావరి బండికి ఏపీ 37 అని ఉండేది. సగం నంబరు చూసినా బండి ఏ జిల్లాదో చెప్పగలిగేవారు. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 పేరుతో ఒకే వరుస వచ్చింది. జిల్లా ఆనవాలు పోయింది కాబట్టి మిగతా అక్షరాలు, అంకెలు పూర్తిగా కనబడకపోతే బండిని పోల్చుకోవడం కష్టం.

కెమెరా పని రెండు భాగాలుగా జరుగుతుంది. మొదట వేగం కొలవాలి. రాడార్ అయితే రేడియో తరంగాన్ని పంపి, బండికి తగిలి తిరిగొచ్చిన తరంగంలోని మార్పును బట్టి లెక్క కడుతుంది. పోలీసులు చేత్తో పట్టుకునే లేజర్ స్పీడ్ గన్ కాంతి పల్స్‌లను వరసగా పంపి, దూరం ఎంత త్వరగా మారుతోందో చూస్తుంది. రెండో భాగం బండి ఎవరిదో గుర్తించడం. చిత్రంలో ప్లేటు ఎక్కడుందో కంప్యూటరు వెతికి, అక్షరాలను విడదీసి చదివి, రిజిస్ట్రేషన్ వివరాలతో పోలుస్తుంది. వేగం ఎంత కచ్చితంగా కొలిచినా రెండో భాగం తప్పితే చలానా ఎవరికీ వెళ్లదు, లేదా సంబంధం లేనివారికి వెళ్తుంది. 3ని 8గా, 1ని 7గా చదివే ప్రమాదం మురికి ప్లేటుతో, వంకర రాతతో పెరుగుతుంది. ఒకరు దాచిన అంకె మరో ఊరి మనిషికి జరిమానాగా మారే దారి ఇదే.

కెమెరాల మీద బండి నడిపేవారి ఫిర్యాదులు ప్రధానంగా మూడు. ఖజానా నింపుకోవడానికే పెట్టారన్నది మొదటిది. ఎక్కడ ఉందో చెప్పకుండా చాటున పెడతారన్నది రెండోది. మూడోది అంత తరచుగా పైకి చెప్పరు గానీ బలమైనది. కానిస్టేబుల్ ఆపితే ఆసుపత్రికి వెళ్తున్నామనో పరీక్షకు ఆలస్యమైందనో చెప్పుకోవచ్చు, యంత్రానికి చెప్పుకునే వీలు లేదు. మనిషి ముఖం చూసి మాట్లాడి తేల్చుకునే అలవాటున్న సమాజంలో ఈ బాధను కొట్టిపారేయలేం. అయితే అదే కెమెరా పలుకుబడి ఉన్నవాడి ఫోను కూడా వినదు. రికమెండేషన్ లేని సామాన్యుడికి ఇది మేలు చేసే గుణం.

మొదటి రెండు ఫిర్యాదులకు చట్టంలోనే జవాబు ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు రహదారి భద్రతను ఎలక్ట్రానిక్ పరికరాలతో పర్యవేక్షించే 136ఏ సెక్షన్ చేరింది. దాని కింద 2021 ఆగస్టులో 167ఏ నియమం వచ్చింది. ఈ నియమం ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న దారి మొదట్లో ఆ సంగతి తెలిపే బోర్డు అందరికీ కనబడేలా పెట్టాలి. ఉల్లంఘన నోటీసు 15 రోజుల లోపు పంపాలి, అందులో ఫొటో ఆధారం, తేదీ, సమయం, చోటు ఉండాలి. జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదాలు, రద్దీ ఎక్కువగా ఉన్న భాగాలకు, పెద్ద నగరాల కూడళ్లకు వీటిని ఉద్దేశించారు. నియమం పేర్కొన్న నగరాల్లో విజయవాడ ఉంది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, ఈ నిబంధనలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. బోర్డు లేకుండా, గడువు దాటాక నోటీసు పంపే వ్యవస్థ జనం నమ్మకాన్ని అడిగే హక్కును తానే పోగొట్టుకుంటుంది. నంబరు దాచేవాడికి సాకు దొరికేది కూడా అక్కడే.

వేగ పరిమితి ఎంతో తెలియకపోవడం మరో చిక్కు. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ వేగాల్లో మోటారు సైకిళ్లకు మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల దారి మీద గంటకు 80 కిలోమీటర్లు, పట్టణాల్లోనూ మిగతా దారుల్లోనూ 60. కార్లకు ఇవే చోట్ల 100, 70. బందరు (మచిలీపట్నం) రోడ్డు నుంచి పామర్రు దగ్గర గుడివాడ వైపు తిరిగినవాడు నాలుగు వరుసల దారి వదిలి ఇరుకు దారిలోకి వస్తాడు. అతని చెయ్యి యాక్సిలరేటరు మీద అదే ఒత్తిడితో ఉంటుంది, పరిమితి మాత్రం 20 తగ్గిపోతుంది. ఊళ్ల దగ్గర, బడుల దగ్గర స్థానికంగా ఇంకా తక్కువ పెట్టవచ్చు. అందుకే కెమెరా కన్నా ముందు వేగం బోర్డు ఉండాలని అడగడం పూర్తిగా సబబు.

ఆ 20 కిలోమీటర్ల తేడా చిన్నది కాదు. 60లో ఉన్న బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీద కాలు వేసే లోపే ఈ దూరం గడిచిపోతుంది. ఢీకొన్నప్పుడు ఒంటి మీద పడే శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. డెల్టా దారుల్లో ఒక పక్క కాలువ ఉంటుంది. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు చీకట్లో మెల్లగా పోతూ ఉంటుంది. సందులోంచి గేదె హఠాత్తుగా అడ్డం వస్తుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. కెమెరా వల్ల ఎక్కువ మేలు పొందాల్సినవారే దాన్ని ఎక్కువగా తప్పించుకుంటున్నారు.

కెమెరాలు పనిచేస్తాయా అన్నదానికి ఆధారం ఉంది. వివిధ దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2010లో వెలువడింది. కెమెరాలున్న చోట్ల చుట్టుపక్కల మరణాలు, తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గినట్టు అందులో తేలింది. కెమెరా దగ్గర తగ్గించి, దాటగానే మళ్లీ పెంచే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. దానికి విరుగుడుగా రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగించి సగటు వేగం చూసే పద్ధతి వచ్చింది.

తొలితరం వేగ కెమెరాకు మూలపురుషుడు నెదర్లాండ్స్‌కు చెందిన మౌస్ గాట్సొనిడెస్. 1953లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచిన ఈ కారు పందెగాడు మలుపుల్లో తన వేగాన్ని కొలుచుకోవడానికి పరికరం తయారుచేసుకున్నాడు. అదే తర్వాత పోలీసుల చేతికి వెళ్లింది. ప్లేటు నియమాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో మోటారు సైకిళ్లకు ముందు ప్లేటు అక్కర్లేదు, కాబట్టి ముందు నుంచి ఫొటో తీసే కెమెరాలకు అవి దొరకవు. ఫ్రాన్స్ 2017 జూలై 1 నుంచి మోటారు సైకిళ్ల వెనక ప్లేటు 210 × 130 మిల్లీమీటర్లు ఉండి తీరాలని నిర్ణయించింది. మన దేశంలో ముందూ వెనకా రెండూ తప్పనిసరి. కేరళ 2023 జూన్ 5న 726 కెమెరాలతో జరిమానాలు మొదలుపెట్టినప్పుడు జనం వాటిని వేగ కెమెరాలుగానే అనుకున్నారు. నిజానికి వాటిలో 675 హెల్మెట్, సీటు బెల్టు, ఫోను వాడకం లాంటివి చూసేవి, వేగం కోసం పెట్టినవి ఎనిమిదే. అక్కడా ప్లేట్లు మడవడం, మాయం చేయడం వెంటనే మొదలైంది.

పెండింగ్ చలానాల మీద రాయితీ కూడా జనం మనసును తీర్చిదిద్దుతుంది. తెలంగాణ 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ చేసింది. బకాయిలు భారీగా వసూలయ్యాయి. కానీ సకాలంలో కట్టినవాడు నష్టపోయాడు, ఆగినవాడు లాభపడ్డాడు. చలానాను అప్పుగా కాక లాటరీగా చూసే అలవాటు ఇలాగే పుడుతుంది.

నంబరు దాచడం లెక్కల ప్రకారం కూడా గిట్టదు. అతివేగానికి తేలికపాటి వాహనాలకు జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. ప్లేటు నిబంధన ప్రకారం లేకపోతే సాధారణ ఉల్లంఘనగా తొలిసారి 500 వరకు పడుతుంది. ఉద్దేశపూర్వకంగా అంకెలు మార్చితే, వేరేవాళ్ల నంబరు తగిలిస్తే అది మోసం కేసు. హైదరాబాద్‌లో పోలీసులు ఇలాంటివారి మీద ఐపీసీ 420 సెక్షన్ కింద కేసులు పెట్టారు. 2024 జూలై నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కిందికి వచ్చింది. వెయ్యి రూపాయలు తప్పించుకోబోయి పాస్‌పోర్టుకూ ఉద్యోగానికీ అడ్డుపడే కేసును కుర్రాళ్లు నెత్తిన వేసుకుంటున్నారు.

అంతకన్నా పెద్ద నష్టం ప్రమాదం జరిగినప్పుడు బయటపడుతుంది. ఢీకొట్టి పారిపోయిన బండి నంబరు తెలిస్తే బాధిత కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో థర్డ్ పార్టీ బీమా కింద పరిహారం కోరవచ్చు. మృతుడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడ్డవారిని బట్టి అది లక్షల్లో ఉంటుంది. నంబరు తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే వస్తాయి. మడిచిన ప్లేటు ఒక ఇంటి పిల్లల చదువును మింగేయగలదు. బండి దొంగతనమైనప్పుడు, గొలుసు లాక్కుని పోయినప్పుడు దారి మీది కెమెరాలు సాయపడేది కూడా నంబరు చదవగలిగితేనే.

తప్పు చలానా వచ్చినవారు మొదట ఫొటో తెరిచి చూడాలి. బండి మోడలు, రంగు, అంకెలు తమవేనా, ఆ రోజు బండి అక్కడ ఉందా అన్నది సరిచూసుకుని, తేడా ఉంటే ఆధారాలతో చలానా ఇచ్చిన పోలీసు విభాగానికి ఫిర్యాదు చేయాలి. తమ నంబరే వేరే బండి మీద తిరుగుతోందని తేలితే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పడం అవసరం. పల్లెల్లో ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి: అమ్మేసిన బండికి పాత యజమాని పేరు మీద చలానాలు రావడం. సంతకం పెట్టిన కాగితాలు చేతికిచ్చి డబ్బు తీసుకుంటే అమ్మకం పూర్తి కాదు. ఒకే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది. అది పూర్తయ్యేదాకా ఆ నంబరుతో జరిగే ప్రతి ఉల్లంఘన నోటీసూ ఆర్‌సీలో పేరున్నవారి ఇంటికే వస్తుంది.