వేలంలో కొన్నా తాళం చేతికి రాదేం?
బ్యాంకు తనఖా ఆస్తులు కొనేవారు తెలుసుకోవలసిన సంగతులు

గుంటూరు: మిర్చి ధర పడిపోయినా, పత్తి దిగుబడి తగ్గినా ఆ దెబ్బ రైతుతోనే ఆగదు. శీతల గిడ్డంగులు, జిన్నింగ్ మిల్లులు, కమీషన్ వ్యాపారుల ఇళ్లు అనేకం బ్యాంకుల తనఖాలో ఉంటాయి. వాయిదాలు నిలిచిపోతే అవి వేలానికి వస్తాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో వీటిని కొన్నవారికి సొమ్మంతా చెల్లించిన తరువాత ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఆస్తి చేతికి వచ్చేదెప్పుడు?

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని అమ్ముకోవచ్చు. రుణగ్రహీతకు 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ బాకీ తీరకుంటే ఆస్తిని స్వాధీనం చేసుకుంటుంది. చిక్కంతా ఈ ‘స్వాధీనం’ అన్న మాటలోనే ఉన్నది. గోడకు నోటీసు అంటించి పత్రికలో ప్రకటిస్తే అది లాంఛనప్రాయ స్వాధీనం మాత్రమే. లోపలివారు లోపలే ఉంటారు. మనుషులను ఖాళీ చేయించి తాళం వేస్తేనే భౌతిక స్వాధీనం. వేలం ప్రకటనలో ఈ రెంటిలో ఏది రాశారో చూడకుండా పాట పాడేవారు తక్కువేమీ కాదు. ధర చౌకగా పలకడానికి చాలాసార్లు కారణం అదే!

పాట ఖాయమైన రోజునగానీ, మరుసటి పనిదినానగానీ 25 శాతం చెల్లించాలి. మిగిలినది 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు అంగీకరిస్తే మొత్తం మూడు నెలల వరకు గడువు పెరుగుతుంది. కట్టకపోతే ముందు చెల్లించిన సొమ్ము జప్తవుతుంది. ఈ నిబంధనను 2024లో సుప్రీంకోర్టు సమర్థించింది.

పూర్తి సొమ్ము కట్టిన కొనుగోలుదారుకు ఆస్తిని అప్పగించే బాధ్యత బ్యాంకు అధీకృత అధికారిది. లోపలివారు కదలకపోతే బ్యాంకు జిల్లా కలెక్టరుకు, అంటే జిల్లా మేజిస్ట్రేట్‌కు, 14వ సెక్షన్ కింద దరఖాస్తు చేయాలి. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌ను కూడా ఆశ్రయించవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వులకు గడువు 30 రోజులు, కారణాలు నమోదు చేస్తే 60. అమ్మకం అయిపోయింది కనుక తమకిక సంబంధం లేదని బ్యాంకు చేతులు దులుపుకోజాలదు. గోవాలోని పార్క్ హయత్ హోటల్‌ను వేలంలో ఐటీసీ కొన్న కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం. లాంఛనప్రాయ స్వాధీనం మాత్రమే ఉన్నప్పుడు అమ్మకం తరువాత కూడా రుణదాత 14వ సెక్షన్ దరఖాస్తు చేయవచ్చని అందులో స్పష్టం చేసింది. ఈ దరఖాస్తు చేయవలసింది బ్యాంకే కనుక కొనుగోలుదారు ముందుగా రాతపూర్వకంగా అడగవలసింది కూడా బ్యాంకునే.

వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు పాత యజమానికి ఉండదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బ్యాంకు చర్యలను 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌లో సవాలు చేయవచ్చు. అక్కడ స్టే వస్తే తాళం ఆలస్యమవుతుంది.

అద్దెదారుల సంగతి వేరు. తనఖాకు ముందే చెల్లుబాటయ్యే లీజు ఉన్నవారిని గడువు తీరక ముందు వెళ్లగొట్టడానికి వీల్లేదని 2014లో తీర్పు వచ్చింది. రిజిస్టరు కాని ఒప్పందంతో ఏడాదికి మించి కూర్చునే వీలు లేదని 2019లో తేలింది. శీతల గిడ్డంగి కొనేవారికి మరో మెలిక ఉన్నది. లోపలి మిర్చి టిక్కీలు రైతులవి, వ్యాపారులవి. గిడ్డంగి అమ్ముడైనంత మాత్రాన సరుకు కొన్నవారిది కాదు. గిడ్డంగి రసీదుపై సరుకు కుదువ పెట్టి తీసుకున్న అప్పులూ ఉండవచ్చు. ఆ లెక్కలు పాటకు ముందే చూసుకోవడం మేలు.

సాగు భూమికి సర్ఫేసీ వర్తించదు. రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే చాలదు, నిజంగా సాగు జరుగుతున్నదా అన్నదే కోర్టులు చూస్తున్నాయి. పొలం పక్కన మిల్లు కట్టిన చోట ఈ వివాదం తరచూ తలెత్తుతుంది.

తనఖా దావా వేసి సివిల్ కోర్టు ద్వారా వేలం జరిగితే దారి మారుతుంది. అక్కడ కొనుగోలుదారే స్వాధీనం కోరుతూ దరఖాస్తు చేసుకోవాలి. గడువు ఒక్క ఏడాదే. అది లెక్కకు వచ్చేది అమ్మకం ఖరారైన తేదీ నుంచే గాని సేల్ సర్టిఫికెట్ అందిన తేదీ నుంచి కాదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సర్టిఫికెట్ వచ్చాక చూద్దామని ఆగినవారికి ఆ దరఖాస్తు గడువు ఈలోగానే దాటిపోవచ్చు.